దేవగన్నేరు దండ

హవాయి దీవుల్లోని హిలోలో చదువుకున్న ఏడాదంతా నేను లెయిలాని ఆంటీ ఇంట్లోనే ఉన్నాను. మొదటిరోజు నేను గుమ్మం బయట చెప్పులు విడుస్తుండగానే ఆవిడ ఎదురొచ్చి నా మెడలో దేవగన్నేరు పూలదండ వేసింది. పొద్దున్నే పెరట్లో పూలు కోసి తనే గుచ్చిందట.

మా నాన్నగారు హెడ్మాస్టరు. సన్మాన సభల్లో ఎవరు దండ వేసినా వెంటనే తీసి బల్లమీద పెట్టేవారు. మెడలో ఉంచుకుని కూర్చుంటే గొప్పలు పోతున్నట్టుంటుందనేవారు. నేనూ అలాగే దండ తీసి, కళ్ళకద్దుకుని, బల్లమీద పెట్టాను.

ఆవిడ మొహం చిన్నబోయింది. "నచ్చలేదా, హనీ?"

"అయ్యో, చాలా నచ్చింది ఆంటీ! మావైపు దండ వేయగానే తీసేయడం మర్యాద," అన్నాను కంగారుగా.

ఆవిడ పకపకా నవ్వి దండ మళ్ళీ నా మెడలో వేసింది. "ఇక్కడ మాత్రం వేసినవాళ్ళ ముందే తీసేస్తే, నీ ప్రేమ నాకొద్దు అన్నట్టు."

ఆ పూట భోజనం చేస్తుంటే పూలు ప్లేటుకి తగులుతున్నా తీయలేదు.

తిరిగి వచ్చేసే రోజు అదే పెరట్లో పూలు కోసి నేనూ ఒక దండ గుచ్చాను. ఎయిర్‌పోర్టులో ఆవిడ నాకొకటి వేసింది, నేను ఆవిడకొకటి వేశాను. వేయగానే ఆవిడ దండ తీసి, తడికళ్ళకి అద్దుకుంది.

"మీవైపు ఇలాగే కదా?"

తలూపాను. ఆవిడ కనుమరుగయ్యాక కూడా నా మెడలోది నేను తీయలేదు.