డిక్కీలో పొంగిన దోసెల పిండి

ఆ రోజుల్లో నాకు వేళకు గుర్తొచ్చేది ఆకలి ఒక్కటే, మిగతావన్నీ మర్చిపోవడమే. కడప పక్క పల్లె నుంచి ఖతార్ వచ్చి, అల్ తుమామాలో ఒక ఇంటికి హౌస్ డ్రైవర్‌గా చేరి రెండు నెలలైనా కాకముందే ఒకసారి తాళం కార్లో పెట్టి తలుపేశాను, ఇంకోసారి పిల్లల కోసం వేరే బడి గేటు ముందు గంటసేపు నిలబడ్డాను. యజమానురాలు, అంటే మామా (పనివాళ్ళం అలాగే పిలుస్తాం, మన మేనమామలకూ ఆమెకూ ఏ సంబంధమూ లేదు), మూడోసారి ఏదైనా మర్చిపోతే విమానం ఎక్కిస్తానని నెమ్మదిగా చెప్పింది. నెమ్మదిగా చెప్పింది కాబట్టే భయం పట్టుకుంది. ఊరంతా చెప్పి వచ్చినవాణ్ణి, అప్పుడే తిరిగొస్తే ఏ మొహంతో తిరగాలి?

ఆ ఇంట్లో వంట చేసే అక్కది గోదావరి జిల్లా. దోసెలంటే ఇద్దరికీ పిచ్చి. కానీ చలికాలం, పైగా వంటింట్లో అప్పుడూ ఆపని ఏసీ, పిండి ఎంతకీ పులిసేది కాదు. అప్పుడు నేనొక గొప్ప ఉపాయం కనిపెట్టాను. ఎండలో నిలబెట్టిన కారు డిక్కీలో పిండి డబ్బా ఐదారు గంటలుంచితే బుడగలొచ్చి పైకి లేస్తుంది. నాలుగైదుసార్లు బ్రహ్మాండంగా కుదిరింది. ఒక గురువారం మాత్రం డబ్బా పెట్టి, తీయడం మర్చిపోయాను. అంతకుముందే దర్జీ దగ్గర్నుంచి తెచ్చిన మామా కొత్త అబాయా, అంటే బయటికెళ్ళేటప్పుడు ఆడవాళ్ళు పైన వేసుకునే పొడుగాటి నల్ల అంగీ, కూడా ఆ డిక్కీలోనే ఉంది (అది ఇవ్వడమూ మర్చిపోయాను).

శుక్రవారం మామా వాళ్ళ చెల్లెలింట్లో భోజనాలు. పొద్దున మామా అబాయా ఏదని అడిగితే డిక్కీ తెరిచాను. పులుపు వాసన గుప్పుమంది. మూత ఒక మూల పడి ఉంది, పిండి కార్పెట్ దాటి స్టెప్నీ దాకా పాకింది, అబాయా కవరు మీద అరచేతి మందాన పేరుకుంది. ఇదేమిటని మామా అడిగింది. నేను సిగ్గులేకుండా అక్క వైపు వేలు చూపించాను. అక్క ఆ వేలు చూసి కూడా, వచ్చీరాని అరబ్బీలో, తనే పెట్టమన్నానని చెప్పింది. నేను గదిలోకి పరిగెత్తి పెట్టె సర్దేశాను.

పెట్టెతో బయటికొచ్చేసరికి మామా వాళ్ళమ్మ డిక్కీ ముందు నిలబడి వాసన చూస్తూ, "ఖమీర్, ఖమీర్" అని మురిసిపోతోంది. పులిసిన పిండితో వాళ్ళు చేసుకునే రొట్టె అది. ఆ పెద్దావిడ చిన్నప్పుడు వాళ్ళమ్మ కూడా పిండిని ఇలాగే ఎండలో పెట్టేదట. అక్క కవరు తుడిచి విప్పితే లోపల అబాయాకు చుక్క మరక లేదు. నేను పెట్టె మీదే కూర్చున్నాను. మామా చూసి ఎక్కడికి అంది. ఎయిర్‌పోర్టుకి అన్నాను.

"నిన్ను ఎయిర్‌పోర్టుకి ఎవరు తీసుకెళ్తారు? డ్రైవర్‌వి నువ్వే కదా. యల్లా, కారు కడుగు, భోజనానికి ఆలస్యమవుతోంది."

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. పైపు తెచ్చిస్తూ అక్క చెవిలో అంది: "వేలు చూపించావుగా తమ్ముడూ, ఈ వారం నీకు దోసెల్లేవు."

సాయంత్రం గదికొచ్చి పెట్టె తెరిస్తే, అందులో రెండు దుప్పట్లు, ఒక తలగడ ఉన్నాయి. బట్టలు ఒక్కటీ లేవు. ఇన్నేళ్ళ తర్వాత కూడా అదే ఇంట్లో పనిచేస్తున్నాను. తలగడ పట్టుకుని ఊరికి బయల్దేరిన ఆ కుర్రాడు ఇప్పుడు ఎదురుపడితే పక్కన కూర్చోబెట్టుకుని, ఏం కాదులేరా అని చెప్పాలనుంది.