పందిపిల్లకు చక్కెర నీళ్లు

నిన్న మార్కాపురం ఆసుపత్రిలో, అప్పుడే పుట్టిన మనవడికి చక్కెర నీళ్లు పట్టబోతున్న వియ్యపురాలి చేతిలోంచి గ్లాసు లాక్కున్నాను.

నా ఎనిమిదో ఏట తమ్ముడు పుడితే, అమ్మ ముర్రుపాలు మంచివి కావని అవ్వ వాటిని పిండించి పారబోయించి, వాడికి చక్కెర నీళ్లే పట్టింది. ఆ వారమే మా పంది ఈనింది. బిడ్డల్ని అట్లే సాకాలనుకుని, అన్నిటికన్నా బక్కపిల్లను పుట్టగానే గంప కింద దాచి, రెండు రోజులు గుడ్డ ముంచి చక్కెర నీళ్లు తాపాను. అది పుల్లటి వాసనతో నీళ్లనీళ్లుగా పారుకోవడం మొదలుపెట్టాక భయపడి తల్లి దగ్గర వదిలితే, తల్లి మూతితో నెట్టేసింది. సాయంత్రానికి పిల్ల చచ్చిపోయింది.

"పిల్లకు పాలియ్యకపోతే నువ్వేం తల్లివే!" అంటూ నాయన పందిని కట్టెతో బాదాడు. గంప నా చేతిలోనే ఉంది. నేను నోరు విప్పలేదు.

"మంచి పని చేసినావు పెద్దమ్మా. ముర్రుపాలే తాపాలని నీకెవరు చెప్పినారు?" అంది నిన్న, నేను గ్లాసు లాక్కోవడం చూసిన నర్సు.

ఆనాటి గంపలాగే గ్లాసు నా చేతిలోనే ఉంది. కడిగొస్తానని బయటికి నడిచాను.