గ్లాసులో ఐసుముక్క

ఇంటర్ చదివేటప్పుడు శంషాబాద్‌లో మేడమీద కిరాయి గదిలో ఒక్కదాన్నే ఉండేదాన్ని. విమానాల మోత తప్ప మనిషి గొంతు వినపడేది కాదు.

నిండు గ్లాసులో తేలే ఐసు కరిగితే నీళ్లు పొర్లవని ఫిజిక్స్ పుస్తకంలో ఉంది. నాకు నమ్మకం కుదరలేదు. సోడాబండి దగ్గర ఐసుముక్క తెచ్చి గ్లాసులో వేసి, అంచుదాకా నీళ్లు పోసి, చూస్తూ కూర్చున్నాను.

సగం కరిగేసరికి, ఆరేసిన బట్టల కోసం మేడెక్కిన ఇంటావిడ లోపలికొచ్చింది. "ఎండ సంపుతున్నది బిడ్డా" అంటూ ఆ గ్లాసెత్తి గటగటా తాగేసింది. ఇంటికొచ్చిన మనిషి నీళ్లు తాగితే ఏమనగలను? "తిన్నవా?" అని అడిగి, కాసేపు కూర్చుని వెళ్లింది.

మర్నాడు మళ్లీ చేసి చూశాను. నీళ్లు పొర్లలేదు.

జవాబు తేలాక కూడా ఆ ఎండాకాలమంతా ఐసు తెచ్చి, తలుపు తీసిపెట్టి కూర్చునేదాన్ని.