క్లబ్బు మారడానికి ఒక శాలువా

ఇది ఒక వీరగాథ. ఇందులో పట్టుదల ఉంది, గురుద్రోహం ఉంది, మాతృమూర్తి త్యాగం కూడా ఉంది అని మొదలుపెడదామనుకున్నాను గానీ, నిజానికి ఇది ఒక ఫారం మీద పడాల్సిన ఒక టిక్కు కథ. వీరులెవరూ లేరు. ఉన్న ఒక్క బౌలరూ మీడియం పేసు.

మొన్న స్కోఫీల్డ్స్‌లో మా అక్క వాళ్ళింట్లో, అక్క కూతురు ఒక చేత్తో టోస్టు తింటూ రెండో చేత్తో ఫోను మీద రెండుసార్లు నొక్కి పక్కన పడేసింది. ఏమిటే అంటే క్రికెట్ క్లబ్బు మారిందట. పాత క్లబ్బు వాళ్ళకి చెప్పావా అని అడిగితే, "వై వుడ్ ఐ, పిన్నీ?" అంది. ముప్పై రెండేళ్ళకే జ్ఞాపకాలు రాసుకోవడం తొందరపాటని తెలుసు గానీ, ఆ మాట విన్నాక నాకు నడుం నొప్పి కూడా మొదలైంది.

అప్పుడు నాకు పద్దెనిమిది. స్కోఫీల్డ్స్ పక్కనే, క్వేకర్స్ హిల్ అనే పేటలో ఉండేవాళ్ళం. యూనివర్సిటీలో మొదటి ఏడాది, శని ఆదివారాల్లో పెండిల్ హిల్‌లో ఒక కిరాణా షాపులో కౌంటరు పని, ఆ పని లేని శనివారాల్లో, ఈ విదేశంలో మా తెలుగువాళ్ళు పెట్టుకున్న క్లబ్బు అమ్మాయిల జట్టులో బౌలింగు. ఆ జట్టుని పెట్టింది మా సెక్రటరీ అంకుల్. వృత్తికి సివిల్ ఇంజనీరు, ప్రవృత్తికి అందరి ఇళ్ళ తలుపులూ తట్టే మనిషి. కూచిపూడి క్లాసుకీ లెక్కల ట్యూషనుకీ మధ్య దొరికిన సందులోంచి ఒక్కొక్క అమ్మాయినీ లాగి, సరిగ్గా పదకొండు మందిని పోగుచేశారు. పన్నెండో మనిషి లేదు. ఎవరికైనా జ్వరం వస్తే జ్వరంతోనే ఫీల్డింగు.

యూని జట్టులో రెండు రకాల వాళ్ళుండేవారు. ముందే పిలిచి, స్కాలర్‌షిప్పు చేతిలో పెట్టి చేర్చుకున్నవాళ్ళు ఒక రకం. పిలవని పేరంటానికి వచ్చినట్టు సెలెక్షన్ రోజున సొంత బూట్లతో వచ్చి నిలబడేవాళ్ళు రెండో రకం. నేను రెండో రకం. ఎలాగో తీసుకున్నారు. అలా వచ్చినవాళ్ళు కూడా ఆ సీజనంతా ఆడితే తర్వాతి ఏడాది నుంచి స్కాలర్‌షిప్పుకి అర్హులే అని అక్కడి కోచ్ చెప్పింది. అది వస్తే కౌంటరు మానేసి ప్రతి శనివారం ఆడొచ్చు. రాకపోతే ఆటే మానేయాలి. చిక్కల్లా ఒకటే, నెలాఖరులోగా పాత క్లబ్బు నన్ను వదలాలి. చందా కట్టేది నేను, బంతి వేసేది నేను, మరి నన్ను వదలడానికి వాళ్ళెవరన్న ప్రశ్న నాకప్పుడు ఎంతో కుతూహలం కలిగించేది. ఇప్పటికీ జవాబు తెలియదు.

సోమవారం ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాను. సంగతి విని నాన్న ఉలిక్కిపడ్డారు. పెద్దాయనకి చెప్పకుండా వెళ్ళిపోవడం ఏం పద్ధతి, రేపు ఏ ఫంక్షన్లోనో ఎదురుపడితే ముఖం ఎక్కడ పెట్టుకుంటాం అన్నారు. అందుకని ఆదివారం పొద్దున్నే నాన్న, అమ్మ, నేను, పళ్ళు, స్వీట్ల డబ్బా, ఒక శాలువాతో సెక్రటరీ అంకుల్ ఇంటికి వెళ్ళాం. ఆంటీ పెసరట్లు వేసింది. నాన్న శాలువా కప్పారు. తను చేసిన సేవ ఇన్నాళ్ళకి ఒకరి కంట పడిందని అంకుల్‌ సంతోషపడి, ఆ ఉక్కలో కూడా దాన్ని తియ్యకుండానే రెండు పెసరట్లు తిన్నారు. అప్పుడు నాన్న విషయం చెప్పారు.

అంకుల్ శాలువా తీసి, నాలుగు మడతలు పెట్టి, సోఫా చేతి మీద ఉంచారు. నెలకోసారి గ్రౌండు బుక్ చేసుకోవడానికి తప్ప తెరవని క్లబ్బు మెయిలు తెరిచి, నా దరఖాస్తు వెతికి పట్టుకుని, మా కళ్ళముందే "అభ్యంతరం ఉంది" అన్న గడిలో టిక్కు పెట్టారు.

"కోపం కాదమ్మా," అన్నారు నాతో. "నువ్వెళ్తే పదిమంది. ఏడుగురుంటే ఆడనిస్తారనుకో, కానీ ఇవాళ నువ్వు, రేపు ఇంకొకత్తె. వచ్చే ఏడాదికి నేనూ, వికెట్లూ మిగుల్తాం."

అందులో నిజముంది. నేను పెసరట్టు వంక చూస్తూ కౌంటరు దగ్గర గడపబోయే శనివారాలు లెక్కపెట్టుకుంటున్నాను. అప్పుడు అమ్మ, జన్మలో బ్యాటు ముట్టుకోని మత్తు డాక్టరమ్మ, కాఫీ గ్లాసు కింద పెట్టి, "పదకొండోదాన్ని నేనొస్తా అన్నయ్యగారూ" అంది.

అంకుల్ నవ్వారు. అమ్మ నవ్వలేదు.

"థియేటర్లో పన్నెండు గంటలు నిలబడతాను. గడ్డిలో నాలుగు గంటలు నిలబడలేనా? అక్కడైతే ఎవరూ చావరు కూడా."

"బంతొస్తే?"

"వస్తే చూద్దాం. మీ పిల్లల బ్యాటింగు చూశాను, అవతలివాళ్ళదీ అలాగే ఉంటే అంత దూరం రాదు."

అంకుల్ ఇంకా పంపని ఆ ఫారంలో టిక్కు తీసేసి, "అభ్యంతరం లేదు" అన్న గడిలో పెట్టారు.

ఆ సీజనంతా అమ్మ బౌండరీ గీత దగ్గర పెద్ద టోపీతో, ముక్కు మీద తెల్లటి క్రీముతో నిలబడింది. ఒక క్యాచ్ పట్టింది, ముఖానికి తగలకుండా చేతులు అడ్డం పెట్టుకున్నప్పుడు. ఆ క్యాచ్ గురించి మా ఇంట్లో మాట్లాడుకున్నంత నా వికెట్ల గురించి ఎన్నడూ మాట్లాడుకోలేదు. స్కాలర్‌షిప్పు నాకొచ్చింది, రెండేళ్ళకి మోకాలు పోయింది, ఇప్పుడు ఆఫీసులో స్ప్రెడ్‌షీట్లు చూస్తున్నాను. అమ్మ మాత్రం ఆరేళ్ళు ఆడింది.

ఇప్పుడెవరూ వెళ్తున్నామని చెప్పడానికి ఎవరింటికీ వెళ్ళరు. వెళ్ళకపోతే గొడవ లేదు, పెసరట్లూ లేవు. నువ్వెళ్తే నేనేం కావాలి అని ముఖాన అడిగే మనిషి ఉండడం అప్పుడు బరువుగా అనిపించేది. ఇప్పుడు అలా అడిగేవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నాను, వేళ్ళు మిగిలిపోతున్నాయి.

ఇది రాసేముందు ఎందుకైనా మంచిదని అప్పటి నియమాలు తీసి చదివాను. పాత క్లబ్బు ఏడు రోజుల్లోగా బదులివ్వకపోతే ఒప్పుకున్నట్టేనట. మేము శాలువా పట్టుకెళ్ళింది ఆరో రోజు.