బావ చెప్పిన జట్టు

సెలూన్ నడిపే బావకు ఫుట్‌బాల్ అంటే ప్రాణం. ప్రపంచ కప్ వచ్చిన ప్రతిసారీ కత్తెర ఆడిస్తూనే ఏ దేశం గెలుస్తుందో, ఎందుకు గెలుస్తుందో ఘంటాపథంగా చెప్పేవాడు. ఆయన నోట వచ్చిన జట్టు మాత్రం ఏదో ఒక మ్యాచ్‌లో ఓడి ఇంటిదారి పట్టేది. చివరికి, "మా జట్టు పేరు ఎత్తకు మహానుభావా" అని జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చినవాళ్లు దణ్ణం పెట్టే దాకా వచ్చింది వ్యవహారం. బావ నవ్వేసేవాడు గానీ, లోలోపల మనసు చివుక్కుమనేది.

ఈసారి ఫైనల్‌కు నీలం చొక్కాల జట్టు, ఎర్ర చొక్కాల జట్టు చేరాయి. నీలం జట్టంటే బావకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. ఆట ఇంకో గంటలో మొదలవుతుందనగా, పక్క కుర్చీలో ఒకాయనకు గడ్డం గీస్తున్న బావమరిది అడిగాడు.

"ఎవరు గెలుస్తారు బావా?"

సెలూన్‌లో ఉన్నవాళ్లంతా నీలం వైపే. అందరూ చెవులు రిక్కించారు. బావ కత్తెర ఆపి కాస్త ఆలోచించాడు. తన నోటి మహిమ మీద మొదటిసారి ఆయనకే నమ్మకం కుదిరింది.

"ఎర్ర జట్టే. అనుమానమే లేదు" అన్నాడు.

"ఇంకేం, కప్పు మనదే!" అంటూ అందరూ ఈలలు వేశారు.

ఎర్ర జట్టే గెలిచింది.

మర్నాడు బావమరిది ముఖం వేలాడేసుకుని వచ్చాడు. "ఇన్నేళ్లకు నీ మాట నిజమైంది. ఇప్పుడే కావాలా బావా?"

"ఆ రెండో గోలు ఆఫ్‌సైడ్‌రా" అన్నాడు బావ నీరసంగా.

ఇంతలో ఒకాయన వచ్చి కుర్చీలో కూర్చుని, "వచ్చే కప్పు ఎవరిదంటావ్?" అని అడిగాడు.

బావ ఆయన మెడ చుట్టూ గుడ్డ కట్టి, "పక్కలు బాగా తగ్గించమంటారా?" అన్నాడు.