ఐలవ్వ వాకిట్లో నీళ్ల గంగాళం

మొన్న సుబేదారిలో నా స్కూటీ చక్రానికి మేకు దిగింది. పంక్చర్ దుకాణం అతను చక్రం విప్పలేదు, నీళ్లు తేలేదు. మేకు లాగి, ఆ కన్నంలోకి జిగురు రాసిన రబ్బరు పోగు గుచ్చి, గాలి కొట్టి, "అయిపోయింది మేడమ్" అన్నాడు. బాగానే ఉంది. కానీ పక్కనే ఒక ముసలాయన సైకిల్ ట్యూబును ఆకురాయితో గీకి సొల్యూషన్ జిగురు పూస్తున్నాడు. ఆ వాసన తగలగానే నేను స్కూటీ అవతలి పక్కకు జరిగాను. ఉద్యోగమంతా నర్సుగా చేసినదాన్ని, రక్తం వాసనకు ఏనాడూ ముఖం తిప్పుకోలేదు. ఈ వాసన మాత్రం తట్టుకోలేను. ఇది వస్తే అనసూయ సిస్టర్ వస్తుంది, ఆమె వెనకాలే ఐలవ్వ వాకిలి వస్తుంది.

డెబ్బైల చివర నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు అనసూయ సిస్టర్ నాకు పైఅధికారి. హసన్‌పర్తి అవతల బస్సు పోని ఊళ్లు మావి. ఆమెకొక లేడీస్ సైకిల్ ఉండేది. ఆమె తొక్కేది, నేను మందుల సంచి ఒళ్లో పెట్టుకుని వెనక క్యారియర్ మీద కూర్చునేదాన్ని. చీర కట్టుకున్న ఆడమనిషి సైకిల్ తొక్కడం అప్పట్లో పెద్ద తమాషా. "నర్సమ్మ సైకిలెక్కి వత్తాందంటే ఎవలకో సూది పడ్డట్టే" అని రచ్చకట్ట మీది ముసలాళ్లు నవ్వేవాళ్లు. "నీకే తాతా, రెండు పొడుస్త, ఆగు!" అని ఆమె ఆగకుండానే అరిచేది. నోరు పెద్దది, చెయ్యి మెత్తన. తండ్రి మిల్లు కార్మికుడు, ఆయన సైకిల్ బాగోగులన్నీ చిన్నప్పటి నుంచీ ఈమే చూసేదట. అందుకే తన సైకిల్‌ను ఇంకొకరి చేతికి ఇచ్చేది కాదు.

ఒక్కసారి ఇచ్చింది. ఆ రోజు పొద్దున ఆఫీసులో మీటింగు. టైరుకు తుమ్మముల్లు దిగి ఉంటే, టైము లేక దారిలో కనబడిన ఏదో దుకాణంలో ఇచ్చి వెళ్లింది. మధ్యాహ్నం మేం బయటికి వచ్చేసరికి కబురు వచ్చి ఉంది. ఐలవ్వ అనే ముసలమ్మ కోడలు సారక్కకు కాన్పయింది, బిడ్డ బాగానే ఉంది, తల్లికి రక్తం ఆగడం లేదు. రక్తం ఆపే ఇంజెక్షన్ మా సంచిలో ఉంది. సిస్టర్ ఎప్పుడూ లేనంత జోరుగా తొక్కింది. చెరువు కట్ట ఎక్కామో లేదో, వెనక చక్రం మెత్తబడి రిమ్ము రాళ్లకు కొట్టుకోవడం మొదలైంది. ఆమె దిగి టైరును బొటనవేలితో నొక్కింది. పూర్తిగా అణిగిపోయింది.

"పద్మా, నువ్వు సైకిల్ తోలుకరా. నేను ఉరుకుత" అని సంచి లాక్కుని, కుచ్చిళ్లు ఎగదోపుకుని పరుగెత్తింది. నేను ఆ కుంటి సైకిల్‌ను నెట్టుకుంటూ ఊళ్లోకి వెళ్లేసరికి ఏడుపులు వినిపిస్తున్నాయి. సిస్టర్ గడప మీద కూర్చుని ఉంది. చేతిలో సిరంజి, దాన్నిండా మందు. "సూదిల మందు నింపుతాంటెనే పోయింది పద్మా" అంది. లోపల పసిపిల్లాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

మేం ఇంకా లేవకముందే పొలాలకు అడ్డం పడి ఒక మనిషి రొప్పుతూ వచ్చాడు. "నర్సమ్మా, నా పెండ్లానికి పొద్దటి సంది నొప్పులు. మంత్రసాని చేతులెత్తేసింది. జర రాండ్రి, కాళ్లు మొక్కుత." వాళ్ల ఊరు చాలా దూరం. నడిచి పోదామా అన్నాను. సిస్టర్ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. "మళ్ల ఉరికి పోతె ఇంకో పీనుగనే చూస్తం" అంది. ఊళ్లో పాలు పోసే మల్లయ్యకు సైకిల్ ఉంది గానీ అతను దాని మీదే బయటికి పోయాడు. వాళ్లింట్లో ఉన్న పంపు, పంక్చర్ డబ్బా నేను అడిగి తెచ్చాను. సిస్టర్ ఐలవ్వ దగ్గరికి వెళ్లి, "అవ్వా, గంగాళం నిండ నీళ్లు గావాలె" అంది. కోడలికి చివరి స్నానం కోసమనుకుంది పాపం ఆ తల్లి. ఏడుస్తూనే తెచ్చి పెట్టింది.

సిస్టర్ ట్యూబు విప్పి, గాలి కొట్టి, ఆ నీళ్లలో ముంచింది. వాకిట్లో ఏడుపు ఆగిపోయింది. తర్వాత ఐలవ్వ గొంతు లేచింది. "నా కోడలు పీనుగై పండుకుంటె నువ్వు ట్యూబు ముంచుతానవా? నువ్వు ఆడిదానివేనా? నీ చేతులు పడిపోను!"

సిస్టర్ తల ఎత్తలేదు. "తిట్టవ్వా, తిట్టు. అక్కడొకామె ఇంక బతికున్నది" అని ట్యూబును తిప్పుతూనే ఉంది. పొద్దున వేసిన అతుకు గట్టిగానే ఉంది. దాని పక్కనే కొత్త కన్నం, సన్నగా బుడగలు. ఆమె అతుకు వెయ్యబోలేదు. ముందు టైరు లోపల వేలు పెట్టి చుట్టూ నిమిరింది. ఒకచోట వేలు తెగి రక్తం వచ్చింది. అక్కడ తుమ్మముల్లు మొన విరిగి ఉండిపోయింది. దుకాణంవాడు ట్యూబుకు అతుకేశాడు, ముల్లు తియ్యలేదు. మా సంచిలోని పటకారుతో ఆమె దాన్ని లాగింది. ట్యూబు గీకి, సొల్యూషన్ పూసింది. అది కాస్త ఆరితే గానీ అతుకు నిలవదు. తడి మీద పెడితే దారిలో మళ్లీ ఊడుతుంది. చుట్టూ ఊరంతా నిలబడి చూస్తుండగా, శవం ఉన్న ఇంటి వాకిట్లో, ఆ జిగురు ఆరడం కోసం ఆగాల్సి వచ్చింది. ఎంత నరకమో! ఆ కాసేపట్లోనే ఆమె, "ఊళ్లె పాలిచ్చే తల్లి ఎవలున్నరు? ఈ పోరనికి పట్టియ్యుండ్రి" అని ఒకామెను పిలిపించి పిల్లాణ్ని ఆమె ఒళ్లో పెట్టించింది.

జిగురు ఆరాక అతుకేసి ఆ రెండో ఊరికి చేరితే, గుమ్మంలోనే ఆ ఇంటి ముసలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "సావింటి నుంచి అచ్చిన్రట. తానం చెయ్యంది గడప తొక్కద్దు." నాకు ఒళ్లు మండింది. లోపల మనిషి అరుస్తుంటే మైల లెక్కలా! నేను నోరు తెరిచేలోపే సిస్టర్ నా రెక్క పట్టుకుని బావి దగ్గరికి లాగింది. "వాదులాడేటంత సేపు పట్టదే, నీళ్లు పోసుకునుడు" అని కట్టుబట్టల మీదే బొక్కెనతో గుమ్మరించుకుంది, నా మీదా గుమ్మరించింది. నీళ్లు కారుతున్న చీరలతో వణుకుతూ కాన్పు చేశాం. తల్లీ బిడ్డా దక్కారు. సిస్టర్ ముఖంలో సంతోషం మాత్రం లేదు.

సారక్క దినాలు అయ్యాక ఆమె ఐలవ్వ ఇంటికి బయలుదేరింది. వద్దన్నాను. నిజం చెబితే ఊరు మళ్లీ మనల్ని రానివ్వదని బతిమాలాను. ఆమె వినలేదు. వాకిట్లో కింద కూర్చుని చెప్పేసింది. "అవ్వా, టైర్ల ముల్లు ఉండె. పొద్దుగాల నేను చెయ్యి పెట్టి చూసుకోలె. చూసుకుంటె నీ కోడలు దక్కునేమో." ఐలవ్వ మనవణ్ని భుజాన వేసుకుని లోపలికి వెళ్లి తలుపు దగ్గరికి వేసింది. తిరిగి వచ్చేటప్పుడు సిస్టర్ సైకిల్ ఎక్కలేదు, చెరువు కట్ట దాకా నడిపించుకునే వచ్చింది.

అప్పటి నుంచి నాకు రోజూ పొద్దున పాఠం. టైరును బొటనవేలితో నొక్కి చూడడం, వాల్వు మీది సన్న రబ్బరు గొట్టం మెత్తబడితే మార్చడం, సైకిల్‌ను ఎండలో వదలకపోవడం, అన్నిటికన్నా ముఖ్యంగా టైరు లోపల వేళ్లతో వెతకడం. "ట్యూబుల బొందలు పూడ్సుడు ఎవలన్న పూడుస్తరే. ముల్లు దొరికిందాక లేవకు" అనేది. నా వేళ్లు తెగేవి. మూతి ముడిస్తే, "ఏడువు, ఏడ్సుకుంటనే వెతుకు" అనేది. ఆమె మునుపటిలా ముసలాళ్లతో పరాచికాలాడడం నేను మళ్లీ చూడలేదు.

రెండేళ్లు దాటాక ఐలవ్వ దగ్గరి నుంచి కబురు వచ్చింది. చిన్న కోడలికి నొప్పులు మొదలవుతున్నాయట. అప్పుడే, మొదట్లోనే పిలిపించింది. వెళ్లేసరికి వాకిట్లో అదే గంగాళం, నిండా నీళ్లు. పక్కన మల్లయ్య ఇంటి పంపు, పంక్చర్ డబ్బా. సారక్క కొడుకు ఆ నీళ్లను అరచేతులతో చప్పుడయ్యేలా కొడుతున్నాడు. ఐలవ్వ లోపలి నుంచి వచ్చి వాడి చెయ్యి పట్టుకుంది.

"కొట్టకురా బిడ్డా. అవి నర్సమ్మ సైకిల్‌కు."

సిస్టర్ హ్యాండిల్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ రోజు టైర్లు రాయిలా గట్టిగా ఉన్నాయి, ఆ నీళ్లతో మాకు పనే పడలేదు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, ముక్కు చీదుకుని లోపలికి వెళ్లింది.

అనసూయ సిస్టర్ పోయి చాలా ఏళ్లయింది. మొన్న ఇంటికి వచ్చాక స్కూటీ చక్రాన్ని బొటనవేలితో నొక్కి చూశాను. ట్యూబు లేని టైరది, లోపల చెయ్యి పెట్టే వీలు లేదు దానికి. బకెట్టు నిండా నీళ్లు తెచ్చి చెంబుతో టైరు చుట్టూ పోశాను. బుడగ రాలేదు. నాకోసం ఎదురుచూసే మనిషి ఇప్పుడు ఏ ఊళ్లోనూ లేదు, అయినా చీకటి పడేదాకా వాకిట్లోనే కూర్చుని నీళ్లు పోస్తూ చూశాను.