సారు తలుపు మీద పికప్

మా ఇంగ్లిష్ సారు పోయారని మంగళవారం పొద్దున వాట్సాప్ గ్రూపులో తెలిసింది. కరోనా. ఆస్పత్రి నుంచి నేరుగా తీసుకెళ్లారు, మమ్మల్ని రానియ్యలేదు. నమ్మబుద్ధి కాక ఆయన నంబరుకు మూడుసార్లు ఫోన్ చేశాను. రింగవుతూనే ఉంది. గ్రూపులో అందరూ దండం బొమ్మలు పెట్టారు. సారు ఉంటే "బొమ్మలొద్దు, వాక్యం రాయుండ్రి" అనేవారు.

సూరత్ భేస్తాన్‌లో సాంచెలు, అంటే మరమగ్గాలు నడిపే మా తెలంగాణ ఇళ్ల పిల్లలకు ఆయనే విశ్వవిద్యాలయం. పగలు గోదాంలో బట్ట థాన్లు మడతపెట్టేవారు, సాయంత్రం తన గదిలో ఇంగ్లిష్ చెప్పేవారు. బోర్డు లేదు. గది ఇనుప తలుపుకు నల్లరంగు వేయించి, బయటివైపు సుద్దముక్కతో రాయించేవారు.

డిగ్రీ పాసైన మేధావిని కనుక గంభీరంగా ప్రకటిస్తున్నాను: పికప్ అనే మాట మీద ఆయనంత పరిశోధన చేసినవారు సూరత్‌లో లేరు. మూడు వారాలు అదొక్కటే చెప్పారు. కిందపడ్డ నూలు కండె ఎత్తితే పికప్. ఉధ్నా స్టేషన్‌కు పోయి బావను బండెక్కించుకొస్తే పికప్. ఎవరూ నేర్పకుండా గుజరాతీ వచ్చేస్తే పికప్. ఫోనెత్తినా, సాంచె వేగం అందుకున్నా, పడిపోయిన ధంధా పుంజుకున్నా అదే.

"గింత చిన్న మాటకు గిన్ని డ్యూటీలేంది సార్?" అన్నాను.

"మీ అమ్మకెన్ని డ్యూటీలున్నయ్‌రా?"

హాజరు పిలిచేవారు కాదు. వచ్చినవాడు తలుపు మీద ఒక వాక్యం రాయాలి. అది ఆ రోజు వాడింట్లో నిజంగా జరిగి ఉండాలి. గ్రామర్ తప్పున్నా పక్కన రైటు కొట్టేవారు. అబద్ధమైతే కొట్టేవారు కాదు.

పికప్ పాఠం నడుస్తుండగానే మొదటి లాక్‌డౌన్ వచ్చి సాంచెలు ఆగాయి. మా గల్లీవాళ్లం ముఖాలకు గుడ్డలు కట్టుకుని ఒక్కొక్కరమే వెళ్లి రాసి వచ్చేవాళ్లం. సారు కిటికీలోంచి చూసేవారు. మా ఇంట్లో బియ్యం డబ్బా ఖాళీ అయింది. ఎవరినీ అడగొద్దని బాపు గట్టిగా చెప్పాడు. నేను ఠీవిగా రాశాను: "మై ఫాదర్ పిక్డ్ అప్ ఎ రైస్ బ్యాగ్."

గల్లీలో కిరాణా దుకాణం మూసి అప్పటికి నాలుగు రోజులు. ఆ సంగతి నాకు తట్టలేదు.

"యాడ దొరికిందిరా? జర చెప్పు, నేను గూడ పోత" అన్నారు సారు.

నేను సుద్దముక్క కిటికీ గట్టు మీద పెట్టబోయాను.

"తుడువు. ఉన్నది రాయి."

"ది రైస్ ఈజ్ ఓవర్" అని రాశాను. అందులో పికప్ లేదు. అయినా బయటికొచ్చి రైటు కొట్టారు. "పికప్ రేపు రాద్దువు తీ."

మర్నాడు పొద్దున మా గడప ముందు ఒక సంచి. బియ్యం, కందిపప్పు, వాటి మధ్య ఒక సుద్దముక్క. బాపు సంచిని చూశాడు, నన్ను చూశాడు.

"ఎవలు వెట్టిన్రు?"

"తెల్వది బాపు."

తలుపు మీద రాయలేదు కనుక ఆ అబద్ధం లెక్కలోకి రాదు. అమ్మ సంచి ఎత్తి లోపలికి తీసుకుపోయింది. సాయంత్రం "మై మదర్ పిక్డ్ అప్ ఎ బ్యాగ్" అని రాశాను. సారు రైటు కొట్టి, "గ్రామర్ గూడ మంచిగున్నది" అన్నారు. సంచి మాట ఆ తర్వాత ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. థాంక్స్ చెప్పడానికి ఇంగ్లిష్ సరిపడా వచ్చాక చెబుదామనుకున్నాను.

మంగళవారం సాయంత్రం గదికి వెళ్లాను. తాళం వేసి ఉంది. కిటికీ గట్టు మీద సుద్దముక్కలు అలాగే ఉన్నాయి. ఒకటి తీసుకుని రాశాను: "నోబడీ పిక్డ్ అప్ సార్స్ ఫోన్ టుడే."

రాసి, అలవాటు కొద్దీ పక్కకు జరిగి, రైటు కొట్టడానికి చోటిచ్చి నిలబడ్డాను.